హార్మోన్ రిసెప్టర్ న్యూక్లియస్‌లో దేన్ని పట్టుకుంది? ల్యాబ్‌లో దశలవారీగా తేల్చుకునే పద్ధతి

డెక్సామెథాసోన్ (కార్టిసాల్ లాగా పని చేసే మందు) ఇచ్చిన సెల్స్‌ని అరగంట తర్వాత ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కింద చూస్తే, అంతకుముందు సైటోప్లాజమ్ నిండా పరుచుకున్న గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ (కార్టిసాల్ లాంటి హార్మోన్లని పట్టుకునే ప్రొటీన్) దాదాపు మొత్తం న్యూక్లియస్‌లోకి చేరిపోయి కనబడుతుంది. ఫోటో చాలా అందంగా వస్తుంది. ఆ ఒక్క ఫోటో పెట్టి "రిసెప్టర్ క్రోమాటిన్‌కి (హిస్టోన్ ప్రొటీన్లకి చుట్టుకుని ఉండే డీఎన్ఏకి) అతుక్కుంది" అని రాసేసిన థీసిస్‌లు చాలానే ఉన్నాయి. కానీ ఆ ఫోటో చెప్పేది రిసెప్టర్ ఏ గదిలో ఉందన్నది మాత్రమే. ఆ గదిలో ఊరికే తిరుగుతోందా, డీఎన్ఏని పట్టుకుందా, వేరే ప్రొటీన్‌ని ఆనుకుని ఉందా, న్యూక్లియస్ లోపలి చట్రానికి అంటుకుందా అన్నది విడివిడిగా తేల్చుకోవాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో ఈ పని ఎత్తుకున్నవాళ్ల కోసం ఈ మార్గదర్శి. ఉదాహరణకి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌నే తీసుకుంటున్నాను. మనుషుల ఊపిరితిత్తుల కేన్సర్ నుంచి వచ్చిన ఏ549 సెల్స్‌లో అది సహజంగానే బాగా ఉంటుంది, బయటి నుంచి జీన్ ఎక్కించే పని ఉండదు. డెక్సామెథాసోన్ సంగతి కోవిడ్ రోజుల నుంచి మన ఇళ్లలో కూడా తెలియనివాళ్లు లేరు.

పని మొదలుపెట్టే ముందు ఒక పాత పాఠం

1950ల చివర్లో షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ రేడియోధార్మిక ట్రిటియం అంటించిన ఎస్ట్రాడియాల్ అనే ఎస్ట్రోజెన్ హార్మోన్‌ని ఆడ ఎలుకలకి ఇచ్చి, గర్భాశయం లాంటి కణజాలాలు ఆ హార్మోన్‌ని పట్టి ఉంచుకుంటాయని చూపించారు. అక్కడి నుంచి 1968 నాటికి "రెండు మెట్ల" సిద్ధాంతం వచ్చింది. హార్మోన్ లేనప్పుడు రిసెప్టర్ సైటోప్లాజమ్‌లో ఉంటుంది, హార్మోన్ వచ్చాక న్యూక్లియస్‌లోకి వెళ్లి అతుక్కుంటుంది అని. కణజాలాన్ని రుబ్బి సెంట్రిఫ్యూజ్ చేస్తే, హార్మోన్ లేని రిసెప్టర్ ఎప్పుడూ పైనున్న ద్రవంలోనే దొరికేది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

1984లో రెండు బృందాలు ఈ లెక్క మార్చేశాయి. ఒకరు మోనోక్లోనల్ యాంటీబాడీతో ఎస్ట్రోజెన్ రిసెప్టర్‌ని నేరుగా కణజాలంలో చూశారు. ఇంకొకరు సైటోకలాసిన్ అనే రసాయనం వాడి సెల్స్ నుంచి న్యూక్లియస్‌ని బయటికి లాగి, రెండు ముక్కల్నీ విడిగా కొలిచారు. హార్మోన్ లేకపోయినా ఎస్ట్రోజెన్ రిసెప్టర్ న్యూక్లియస్‌లోనే ఉందని తేలింది. వదులుగా ఉన్న రిసెప్టర్‌ని, రుబ్బేటప్పుడు వాడిన పల్చటి బఫరే (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) బయటికి కడిగేసింది. పదహారేళ్లపాటు సైటోప్లాజమ్ అనుకున్నది నిజానికి బఫర్ పని.

ఈ కథ చరిత్ర కోసం చెప్పడం లేదు. కింద ప్రతి దశలోనూ ఇదే ప్రశ్న వేసుకోవాలి: నాకు కనబడుతున్నది సెల్‌లో ఉన్న సంగతా, నా బఫర్ చేసిన పనా? ఒక పద్ధతి చెప్పినదాన్ని వేరే సూత్రం మీద నడిచే ఇంకో పద్ధతి కూడా చెప్పేదాకా నమ్మకూడదు. అందుకే ఇక్కడ ఉప్పుతో లాగడం, డీఎన్ఏని కోయడం, ఫార్మాల్డిహైడ్‌తో బిగించడం, బతికున్న సెల్‌లో చూడడం, ఈ నాలుగూ పెట్టాను.

రిసెప్టర్ పట్టుకోగల చోట్లు

మనిషి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌లో 777 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మధ్యలో ఉన్న చిన్న భాగం డీఎన్ఏని పట్టుకుంటుంది. అందులో రెండు జింక్ వేళ్లు, ఒక్కో జింక్ అణువుని నాలుగు సిస్టీన్లు పట్టి ఉంచుతాయి. మొదటి వేలు దగ్గరి హెలిక్స్ డీఎన్ఏ పెద్ద గాడిలోకి దిగి అక్షరాలు చదువుతుంది. రెండో వేలు దగ్గరి భాగం పక్కనున్న ఇంకో రిసెప్టర్‌తో జత కడుతుంది. ఈ జత వెతికే వరస ఏజీఏఏసీఏ, ఆ తర్వాత ఏవైనా మూడు అక్షరాలు, ఆ తర్వాత టీజీటీటీసీటీ. ప్రొజెస్టిరాన్, యాండ్రోజెన్, మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్లు కూడా ఇదే వరసని గుర్తుపడతాయి. ఎస్ట్రోజెన్ రిసెప్టర్‌ది మాత్రం వేరే: ఏజీజీటీసీఏ, మూడు అక్షరాలు, టీజీఏసీసీటీ.

జీనోమ్‌లో ఇలాంటి వరసలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక రకం సెల్‌లో రిసెప్టర్ వాటిలో కొద్ది భాగాన్నే వాడుకుంటుంది. 2011లో ఎలుక సెల్స్‌ మీద వచ్చిన ఒక పని చూపించింది ఏమిటంటే, గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ పట్టుకునే చోట్లలో 95 శాతం దాకా హార్మోన్ రాకముందే తెరుచుకుని ఉన్న క్రోమాటిన్‌లో ఉన్నాయి. అంటే తలుపు ముందే ఎవరో తీసి పెడుతున్నారు. ఎస్ట్రోజెన్, యాండ్రోజెన్ రిసెప్టర్లకి ఆ పని చేసేవాటిలో ఫాక్స్‌ఏ1 అనే ప్రొటీన్ ప్రముఖమైనది.

ఇది కాక రిసెప్టర్ డీఎన్ఏని తాకకుండా ఏపీ-1, ఎన్ఎఫ్-కప్పా-బీ లాంటి, జీన్‌లని నడిపించే వేరే ప్రొటీన్లని ఆనుకుని కూడా ఉండగలదు. వాపుని తగ్గించే పనిలో దీనికి పెద్ద వాటా ఉంది. ఇక చివరిది న్యూక్లియర్ మ్యాట్రిక్స్, అంటే పైన చెప్పిన న్యూక్లియస్ లోపలి చట్రం. దాని గొడవ పెద్దది, నాలుగో దశలో వస్తుంది.

మొదటి దశ: సెల్స్‌ని హార్మోన్‌కి ఆకలిగా ఉంచడం

ఇక్కడ అశ్రద్ధ చేస్తే తర్వాత ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. మామూలు పశువుల సీరంలో కార్టిసాల్ ఉంటుంది. అది ఉన్న మీడియంలో పెరిగిన సెల్స్‌లో "హార్మోన్ లేని" కంట్రోల్ అనేదే ఉండదు. కాబట్టి ప్రయోగానికి కనీసం 24 గంటల ముందు బొగ్గు-డెక్స్‌ట్రాన్‌తో శుద్ధి చేసిన సీరం ఉన్న మీడియంలోకి మార్చండి. మీరు రొమ్ము కేన్సర్ నుంచి వచ్చిన ఎమ్‌సీఎఫ్-7 సెల్స్‌లో ఎస్ట్రోజెన్ రిసెప్టర్ మీద పని చేస్తుంటే ఫినాల్ రెడ్ లేని మీడియం తప్పనిసరి. ఆ ఎర్ర రంగుకి బలహీనమైన ఎస్ట్రోజెన్ గుణం ఉందని 1986లోనే తేలింది.

15 సెంటీమీటర్ల ప్లేట్‌లో ఏ549 సెల్స్ ఎనభై శాతం నిండాక పని మొదలుపెట్టండి. డెక్సామెథాసోన్ 3.9 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటర్ ఇథనాల్‌లో కలిపితే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని ఇథనాల్‌తోనే వంద రెట్లు పలచన చేసి, మీడియంలో వెయ్యికి ఒక వంతు కలపండి. 100 నానోమోలార్ అవుతుంది, ఒక గంట చాలు. కంట్రోల్ ప్లేట్‌లో అంతే ఇథనాల్ పోయాలి, ఊరికే వదిలెయ్యకూడదు.

మూడో ప్లేట్ కూడా పెట్టండి: ఈ రిసెప్టర్‌కి అడ్డుపడే మందు మైఫిప్రిస్టోన్ 1 మైక్రోమోలార్ ముందు ఇచ్చి, పావుగంట ఆగి డెక్సామెథాసోన్ ఇవ్వండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. మైఫిప్రిస్టోన్ రిసెప్టర్‌ని సైటోప్లాజమ్‌లో ఆపదు. న్యూక్లియస్‌లోకి వెళ్లనిస్తుంది, డీఎన్ఏ మీదికి కూడా కొంత చేరనిస్తుంది, జీన్‌ని నడిపించే పని మాత్రం సరిగ్గా జరగనివ్వదు. కాబట్టి ఈ ప్లేట్‌లో రిసెప్టర్ న్యూక్లియస్‌లో కనబడితే ప్రయోగం పాడైందని కంగారు పడొద్దు. న్యూక్లియస్‌లో ఉండడమూ పని చేయడమూ వేరని చూపించడానికి ఇంతకంటే మంచి కంట్రోల్ దొరకదు.

రెండో దశ: న్యూక్లియస్‌ని శుభ్రంగా విడదీయడం

ఇక్కడి నుంచి అంతా మంచు మీదే. ప్లేట్‌ని చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, సెల్స్‌ని గీకి తీసి, తక్కువ ఉప్పు బఫర్‌లో పది నిమిషాలు ఉబ్బనివ్వండి. హెపీస్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 7.9, పొటాషియం క్లోరైడ్ 10, మెగ్నీషియం క్లోరైడ్ 1.5, డీటీటీ 0.5 మిల్లీమోలార్. ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ మాత్ర ఈడీటీఏ లేనిదే వాడండి. నాలుగో దశలో వాడే డీఎన్ఏజ్‌కి మెగ్నీషియం, కాల్షియం కావాలి, ఈడీటీఏ ఆ రెండింటినీ లాగేసుకుంటుంది. పీఎమ్‌ఎస్ఎఫ్ వాడేవాళ్లు సరిగ్గా వాడే ముందే కలపాలి, నీళ్లలో అది ఎక్కువసేపు నిలవదు. హార్మోన్ ఇవ్వని గొట్టాల్లో సోడియం మాలిబ్డేట్ 10 మిల్లీమోలార్ కలిపితే మంచిది. హెచ్ఎస్‌పీ90 అనే తోడు ప్రొటీన్‌తో కట్టుకుని ఉన్న రిసెప్టర్ విడిపోకుండా ఆ జతని అది నిలబెడుతుంది. లేకపోతే బఫర్‌లోనే రిసెప్టర్ విడిపోయి, హార్మోన్ లేకుండానే డీఎన్ఏకి అంటుకునే రూపంలోకి మారిపోయే ప్రమాదం ఉంది. గది వేడిమికి ఈ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది. మంచు మీద మంచు అని ఇన్నిసార్లు అనడానికి కారణం అదే.

ఉబ్బిన సెల్స్‌లో ఎన్‌పీ-40 డిటర్జెంట్ 0.2 శాతం అయ్యేలా కలిపి, మెల్లగా పైకీ కిందికీ తిప్పి, 5 నిమిషాలు ఆగి, 800 జి వేగంలో 5 నిమిషాలు తిప్పండి. పైన ద్రవం సైటోప్లాజమ్ భాగం, కింద పెల్లెట్ న్యూక్లియస్. పెల్లెట్‌లోంచి ఒక చుక్క తీసి ట్రిపాన్ బ్లూ కలిపి మైక్రోస్కోప్‌లో చూడకుండా ముందుకి వెళ్లొద్దు. నీలంగా, గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉన్న న్యూక్లియస్‌లు కనబడాలి. చుట్టూ తోకల్లా సైటోప్లాజమ్ వేలాడుతుంటే డిటర్జెంట్ చాలలేదు. గుత్తులుగా అంటుకుపోయి, మధ్యలో దారాల్లాంటివి కనబడితే న్యూక్లియస్‌లు పగిలి డీఎన్ఏ బయటపడింది. ఆ బ్యాచ్ పారేసి మళ్లీ చేయడమే తక్కువ ఖర్చు.

ప్లేట్ కడిగిన దగ్గర్నుంచి ఈ పెల్లెట్ దాకా అరగంట దాటనివ్వకండి. వదులుగా ఉన్న రిసెప్టర్ ప్రతి నిమిషం బయటికి కారుతూనే ఉంటుంది. హార్మోన్ ఉన్న ప్లేట్‌కి పావుగంట, లేనిదానికి ముప్పావుగంట పడితే, మీరు కొలిచిన తేడా హార్మోన్‌ది కాదు, గడియారానిది.

వెస్ట్రన్ బ్లాట్‌లో (ప్రొటీన్లని సైజునిబట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో) సైటోప్లాజమ్ ప్రొటీన్ ట్యూబ్యులిన్ పైభాగంలోనూ, న్యూక్లియస్ పొర ప్రొటీన్ లామిన్ ఏ/సీ పెల్లెట్‌లోనూ రావాలి. ఇవి లేని బ్లాట్‌ని మీ గైడ్‌కి చూపించకండి.

మూడో దశ: ఉప్పు పెంచుకుంటూ లాగడం

రిసెప్టర్‌కీ డీఎన్ఏకీ మధ్య పట్టులో విద్యుదావేశాల వాటా ఎక్కువ. ఉప్పు పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఎంత ఉప్పుకి వదిలిందో చూస్తే పట్టు ఎంత గట్టిదో ఒక అంచనా వస్తుంది.

న్యూక్లియస్‌ల పెల్లెట్‌ని సమానంగా ఐదు గొట్టాల్లోకి పంచండి. ఒకే గొట్టంలో ఉప్పు పెంచుకుంటూ పోవడం కంటే ఇదే నాకు నచ్చిన పద్ధతి. ఒకే గొట్టంలో చేస్తే మొదటి మెట్టులో జరిగిన తప్పు చివరిదాకా వెంటాడుతుంది, పైగా చివరి మెట్టుకి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. సోడియం క్లోరైడ్ 0.1, 0.2, 0.3, 0.42, 0.6 మోలార్ ఉన్న బఫర్లు వరసగా ఒక్కో గొట్టంలో పోయండి. మిగతాదంతా ఒకటే: హెపీస్ 20 మిల్లీమోలార్, మెగ్నీషియం క్లోరైడ్ 1.5 మిల్లీమోలార్, గ్లిసరాల్ 10 శాతం. 4 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు మెల్లగా తిప్పి, 12,000 జి వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవాన్నీ పెల్లెట్‌నీ విడిగా తీసుకోండి.

0.42 మోలార్ అనే అంకె న్యూక్లియస్ ప్రొటీన్లు తీసేవాళ్లందరికీ పరిచయమే, 1983 నాటి పద్ధతి నుంచి ల్యాబ్‌లన్నింటా అదే నడుస్తోంది. హార్మోన్ పట్టుకున్న రిసెప్టర్‌లో ఎక్కువ భాగం ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి బయటికి వచ్చేస్తుంది. 0.6 దాకా వెళ్తే హిస్టోన్ హెచ్1 కూడా ఊడి వస్తుంది, క్రోమాటిన్ ఉబ్బిపోతుంది. గొట్టం అడుగున ఉన్న పెల్లెట్ సగ్గుబియ్యం జావలా సాగుతూ పిపెట్ టిప్‌కి అంటుకుని పైకి వచ్చేస్తుంది. ఆ జావలో చిక్కుకున్న రిసెప్టర్‌ని "గట్టిగా అతుక్కున్నది" అని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. టిప్ చివర కత్తిరించి వాడండి, పైద్రవాన్ని మొత్తం లాగేయాలని ఆశపడకుండా కొంచెం వదిలేయండి.

ఇప్పుడు వెస్ట్రన్ బ్లాట్. చాలామంది ప్రతి గీతలోనూ సమానంగా 20 మైక్రోగ్రాముల ప్రొటీన్ వేస్తారు. ఈ ప్రయోగానికి అది సరిపడదు. 0.1 మోలార్ గొట్టంలోంచి ప్రొటీన్ తక్కువే వస్తుంది, 0.6 లోంచి చాలా వస్తుంది. రెండింటినీ సమానం చేసి వేస్తే మొదటిదాన్ని ఎన్నో రెట్లు ఎక్కించి చూపించినట్టవుతుంది. ప్రతి గొట్టంలోంచీ అదే వాటా, ఉదాహరణకి పదో వంతు, లోడ్ చేయండి. పైద్రవమూ పెల్లెట్టూ పక్కపక్కన ఉండాలి. 95 కిలోడాల్టన్ల దగ్గర రిసెప్టర్ గీత వస్తుంది. పైద్రవం, పెల్లెట్ రెండూ కలిపితే అన్ని గొట్టాల్లోనూ మొత్తం దాదాపు ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో రిసెప్టర్ విరిగిపోతోంది, ఇన్‌హిబిటర్లు చూసుకోండి.

హార్మోన్ ప్లేట్‌కీ ఇథనాల్ ప్లేట్‌కీ రెండు వక్రరేఖలు గీసుకోండి. హార్మోన్ ఉన్నదాని రేఖ కుడివైపుకి, అంటే ఎక్కువ ఉప్పు వైపుకి జరిగితే, పట్టు బలపడిందన్నమాట. దేని మీద పట్టు అన్నది మాత్రం ఇంకా తెలియదు.

నాలుగో దశ: డీఎన్ఏ తీసేశాక ఇంకా మిగిలేది

1974లో బెరెజ్నీ, కాఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక లివర్ న్యూక్లియస్‌ల నుంచి డిటర్జెంట్, ఉప్పు, డీఎన్ఏని కోసే ఎంజైమ్‌లతో దాదాపు అన్నీ తీసేసినా, న్యూక్లియస్ ఆకారంలోనే ఒక ప్రొటీన్ చట్రం మిగులుతుందని చూపించి దానికి న్యూక్లియర్ మ్యాట్రిక్స్ అని పేరు పెట్టారు. 1980లో బరాక్, కాఫీ కలిసి, హార్మోన్‌కి స్పందించే కణజాలాల మ్యాట్రిక్స్‌లో ఎస్ట్రోజెన్, యాండ్రోజెన్‌లని ప్రత్యేకంగా పట్టుకునే చోట్లు ఉన్నాయని రాశారు. అదే కాలంలో స్పెల్స్‌బర్గ్ బృందం కోడి అండవాహికలో ప్రొజెస్టిరాన్ రిసెప్టర్‌ని పట్టుకునే "యాక్సెప్టర్" ప్రొటీన్ల కోసం వెతికింది. అప్పట్లో రిసెప్టర్ ప్రధానంగా ఈ చట్రాన్నే పట్టుకుంటుందేమో అన్న ఆశ బలంగా ఉండేది.

1985 నుంచి రిసెప్టర్ల జీన్‌లు ఒక్కొక్కటే చేతికి వచ్చాయి, అవి పట్టుకునే డీఎన్ఏ వరసలు దొరికాయి, 1991లో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ డీఎన్ఏని పట్టుకున్న తీరు స్ఫటిక చిత్రంగా కళ్ల ముందుకి వచ్చింది. మ్యాట్రిక్స్ కథ వెనకబడింది. లామిన్లతో అల్లిన పొర ఉందన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. కానీ న్యూక్లియస్ లోపలంతా పరుచుకున్న చట్రం బతికున్న సెల్‌లో నిజంగా ఉందా, లేక 2 మోలార్ ఉప్పులో ప్రొటీన్లు గడ్డకట్టి అలా కనబడుతోందా అన్న వాదన ఇంకా తెగలేదు. ఈ ప్రయోగం చేయొద్దని నేను అనను. డీఎన్ఏ పోయినా రిసెప్టర్ మిగిలిందా అన్న ప్రశ్న విలువైనదే. జవాబుని "చట్రానికి అతుక్కుంది" అని కాకుండా "ఈ షరతుల్లో కరగకుండా మిగిలింది" అని రాయమంటాను.

పద్ధతి ఇది. రెండో దశ పెల్లెట్‌ని పైప్స్ 10 మిల్లీమోలార్ పీహెచ్ 6.8, సోడియం క్లోరైడ్ 100, సుక్రోజ్ 300, మెగ్నీషియం క్లోరైడ్ 3, కాల్షియం క్లోరైడ్ 1 మిల్లీమోలార్, ట్రైటాన్ 0.5 శాతం ఉన్న బఫర్‌లోకి తీసుకోండి. రెండు భాగాలు చేయండి. ఒకదాంట్లో డీఎన్ఏజ్-1 వేసి, రెండోదాంట్లో వేయకుండా, రెండింటినీ 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. చాలా ప్రోటోకాల్‌లలో 37 డిగ్రీలు అని ఉంటుంది. విడదీసిన న్యూక్లియస్‌లని 37కి వేడి చేస్తే వేడికే కొన్ని ప్రొటీన్లు గట్టిపడి, కరగకుండా పోతాయి. అలా గట్టిపడినదాన్ని చట్రం అనుకునే ప్రమాదం ఉంది.

తర్వాత సోడియం క్లోరైడ్‌ని కొంచెం కొంచెంగా 2 మోలార్‌కి పెంచి, మంచు మీద 10 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేయండి. డీఎన్ఏజ్ వేసిన గొట్టంలో హిస్టోన్ హెచ్3 దాదాపు అంతా పైద్రవంలోకి వచ్చేయాలి, లామిన్ పెల్లెట్‌లో ఉండిపోవాలి. ఈ రెండూ జరిగాకే రిసెప్టర్ గీత చూడండి. హెచ్3 పెల్లెట్‌లో మిగిలితే కోత సరిగ్గా జరగలేదు, రిసెప్టర్ గురించి ఏమీ అనలేం. డీఎన్ఏజ్ వేయని గొట్టంలో ఉప్పు పెంచగానే మళ్లీ అదే జావ వస్తుంది, దాన్నుంచి అంకెలు తీయాలని చూడకండి.

పాత పేపర్లలోలాగా ట్రిటియం అంటించిన డెక్సామెథాసోన్‌తో నేరుగా కొలవాలనుకునేవాళ్లకి రెండు మాటలు. మన దేశంలో రేడియోధార్మిక పదార్థం వాడడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి మీ సంస్థకి ఉండాలి. ప్రతి గొట్టానికీ జోడీగా, రెండు వందల రెట్లు మామూలు డెక్సామెథాసోన్ కలిపిన గొట్టం ఉండాలి. మొదటిదాంట్లో 8,400 కౌంట్లు, జోడీలో 1,900 వచ్చాయనుకోండి, ప్రత్యేకంగా పట్టుకున్నది 6,500 మాత్రమే. ఆ జోడీ లేకుండా 8,400 అని రాస్తే, ప్లాస్టిక్‌కీ కొవ్వుకీ అంటుకున్న స్టిరాయిడ్‌ని కూడా రిసెప్టర్ ఖాతాలో వేసినట్టే.

ఐదో దశ: ఏ డీఎన్ఏ మీద ఉందో పట్టుకోవడం

క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్‌ని అందరూ చిప్ అనే అంటారు. ఇప్పటిదాకా సెల్‌ని పగలగొట్టాక చూశాం. చిప్‌లో పగలగొట్టే ముందే ఫార్మాల్డిహైడ్‌తో రిసెప్టర్‌ని ఉన్నచోటే బిగిస్తాం. బఫర్ కడిగేసే అవకాశం ఇక్కడ చాలా తగ్గుతుంది. ఒకే ఒక్క ప్రయోగానికి డబ్బూ సమయమూ ఉన్నాయంటే ఇదే చేయమంటాను.

కొత్త సెల్స్‌తో మొదలుపెట్టండి, హార్మోన్ పద్ధతి అదే. గంట అవగానే మీడియంలోకే ఫార్మాల్డిహైడ్ 1 శాతం అయ్యేలా కలిపి గది వేడిమిలో 10 నిమిషాలు ఊపండి. మిథనాల్ లేని, కొత్తగా తెరిచిన ఆంపూల్ వాడండి, ఫ్యూమ్ హుడ్ కిందే పని చేయండి. 10 నిమిషాలంటే 10 నిమిషాలే. ఎక్కువైతే క్రోమాటిన్ విరగదు, యాంటీబాడీకి రిసెప్టర్ అందదు. గ్లైసీన్ 125 మిల్లీమోలార్ కలిపి 5 నిమిషాల్లో ఆపేయండి. డీఎన్ఏని నేరుగా తాకకుండా వేరే ప్రొటీన్‌ని ఆనుకున్న రిసెప్టర్ కావాలంటే, ఫార్మాల్డిహైడ్‌కి ముందు ప్రొటీన్లని ఒకదానితో ఒకటి కలిపే డీఎస్‌జీ 2 మిల్లీమోలార్‌తో అరగంట బిగించడం ఉపయోగపడుతుంది.

సెల్స్‌ని ఎస్‌డీఎస్ 1 శాతం, ఈడీటీఏ 10 మిల్లీమోలార్, ట్రిస్ 50 మిల్లీమోలార్ ఉన్న బఫర్‌లో కరిగించి, సోనికేటర్‌తో డీఎన్ఏని 200 నుంచి 500 జతల ముక్కలుగా విరగ్గొట్టాలి. ఇది పూర్తిగా మీ మెషీన్‌నిబట్టి ఉంటుంది, వేరే ల్యాబ్ అంకెలు తెచ్చి పెట్టుకుంటే కుదరదు. 5, 10, 15, 20 చక్రాల తర్వాత కొంచెం కొంచెం తీసి, బంధాలు విప్పి, 1.5 శాతం అగరోజ్ జెల్‌లో నడిపి చూసుకోండి. ప్రోబ్ సోనికేటర్ అయితే చివర ద్రవం పైఅంచుకి రానివ్వకండి. నురగ వచ్చిందంటే శక్తి అంతా గాలిలోకి పోతుంది, గొట్టం వేడెక్కుతుంది, ముక్కలు మాత్రం కావు. నురగ వస్తే ఆపి, ఐస్‌లో పెట్టి, నురగ దిగాకే మళ్లీ మొదలుపెట్టండి.

ఎస్‌డీఎస్ లేని బఫర్‌తో పది రెట్లు పలచన చేయండి. అందులోంచి 1 శాతం పక్కన పెట్టండి, దాన్నే ఇన్‌పుట్ అంటారు. మిగతాదాంట్లో రిసెప్టర్ యాంటీబాడీ 2 నుంచి 5 మైక్రోగ్రాములు వేసి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర తిప్పండి. ఇంకో గొట్టంలో అదే జంతువు నుంచి వచ్చిన మామూలు ఐజీజీ యాంటీబాడీ వేయాలి. యాంటీబాడీ మంచిదో కాదో తెలుసుకోవాలంటే కంపెనీ కాగితం చాలదు. రిసెప్టర్ జీన్‌ని ఎస్ఐఆర్ఎన్ఏతో తగ్గించిన సెల్స్‌లో సిగ్నల్ పడిపోతోందో లేదో చూడండి.

పొద్దున్నే ప్రొటీన్ ఏ/జీ అయస్కాంత పూసలు వేసి రెండు గంటలు ఆగి, తక్కువ ఉప్పు బఫర్, 500 మిల్లీమోలార్ ఉప్పు బఫర్, లిథియం క్లోరైడ్ బఫర్, టీఈ, ఇలా వరసగా ఒక్కోదాంట్లో 5 నిమిషాలు కడగండి. రెండో కడుగుడు తర్వాత కొత్త గొట్టంలోకి మార్చండి. పాత గొట్టం గోడలకి అంటుకున్న డీఎన్ఏ అక్కడే ఉండిపోతుంది, ఐజీజీ సిగ్నల్ తగ్గుతుంది. తర్వాత ఎస్‌డీఎస్ 1 శాతం, సోడియం బైకార్బొనేట్ 0.1 మోలార్‌తో డీఎన్ఏని విడిపించి, ఉప్పు 200 మిల్లీమోలార్ చేసి, 65 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి బంధాలు విప్పండి. ఇన్‌పుట్‌కి కూడా ఇదే చేయాలి. ఆర్ఎన్ఏజ్, ప్రోటీనేజ్-కే వేసి, కాలమ్‌తో శుద్ధి చేస్తే డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే క్యూపీసీఆర్‌కి సిద్ధం.

ప్రైమర్లు ఎక్కడ? ఏ549లో ఎఫ్‌కేబీపీ5 జీన్ ఇంట్రాన్‌లోని చోట్లు, పర్1, టీఎస్‌సీ22డీ3 జీన్‌ల దగ్గరి చోట్లు బాగా పని చేస్తాయి. ఎన్‌కోడ్ ప్రాజెక్టు ఇదే సెల్‌లో డెక్సామెథాసోన్‌తో చేసిన డేటాని అందరికీ తెరిచి పెట్టింది. అక్కడి శిఖరాలు చూసి ప్రైమర్లు వేసుకోండి. రిసెప్టర్ ఎప్పుడూ కనబడని ఒక చోటుకి కూడా ప్రైమర్ ఉండాలి.

లెక్క ఇలా. ఇన్‌పుట్ 1 శాతమే కాబట్టి దాని సీటీ విలువలోంచి (క్యూపీసీఆర్‌లో సిగ్నల్ కనబడిన చక్రం సంఖ్యలోంచి) 6.64 తీసేయాలి, అది వందకి రెండు ఆధారంగా లాగరిథమ్. ఇన్‌పుట్ సీటీ 26.00 వచ్చిందనుకుందాం, సరిచేస్తే 19.36. డెక్సామెథాసోన్ గొట్టం సీటీ 25.36 అయితే తేడా 6, అంటే ఒకటిని రెండుతో ఆరుసార్లు భాగించిన విలువ, ఇన్‌పుట్‌లో 1.56 శాతం. ఇథనాల్ గొట్టం ఇన్‌పుట్ కూడా అంతే ఉండి, దాని సీటీ 30.36 అయితే తేడా 11, అంటే 0.05 శాతం. 32 రెట్ల తేడా. ఐజీజీ కూడా 1 శాతం చూపిస్తుంటే ఈ 32 రెట్లకి అర్థం లేదు. అందుకే రెట్లు ఒక్కటే కాకుండా శాతాలు కూడా రాయండి.

ఆరో దశ: బతికున్న సెల్‌లో ఎంతసేపు పట్టుకుంటుందో చూడడం

జీఎఫ్‌పీ అనే పచ్చగా వెలిగే ప్రొటీన్ అంటించిన రిసెప్టర్ ఉన్న సెల్‌లో ఒక చిన్న చోటుని లేజర్‌తో నల్లగా చేసి, అక్కడ మళ్లీ వెలుగు ఎంతసేపట్లో వస్తుందో చూడడమే ఫ్రాప్. 2000లో హేగర్ బృందం, రెండు వందల దాకా వైరస్ ప్రొమోటర్ నకళ్లు వరసగా ఉన్న ఎలుక సెల్స్‌లో ఇది చేసింది. డీఎన్ఏ మీద స్థిరంగా కూర్చుని ఉంటుందనుకున్న రిసెప్టర్ కొద్ది సెకన్లలోనే మారిపోతోంది. పాతది దిగిపోతోంది, కొత్తది ఎక్కుతోంది. ఉప్పు ప్రయోగంలో "గట్టి పట్టు" అని రాసుకున్నవాళ్లంతా ఆగి ఆలోచించాల్సిన ఫలితం అది.

కన్ఫోకల్ మైక్రోస్కోప్ దొరికితే మూడు రకాల సెల్స్ పెట్టండి: రిసెప్టర్ ఉన్నవి, ఊరికే న్యూక్లియస్‌లో తిరిగే జీఎఫ్‌పీ ఉన్నవి, హిస్టోన్ హెచ్2బీకి జీఎఫ్‌పీ అంటించినవి. రెండోది కన్నుమూసి తెరిచేలోగా నిండిపోతుంది, మూడోది మీరు చూసినంతసేపూ నల్లగానే ఉంటుంది. మీ రిసెప్టర్ ఈ రెంటి మధ్య ఎక్కడుందో చూడండి. జింక్‌ని పట్టే ఒక సిస్టీన్‌ని మార్చిన రిసెప్టర్‌ని నాలుగోదిగా పెట్టగలిగితే ఇంకా మంచిది. అది మామూలు రిసెప్టర్ కంటే వేగంగా నిండితే, ఆ తేడా డీఎన్ఏ పట్టుది.

అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవడం

చిప్‌లో సిగ్నల్ బలంగా ఉండి, 0.42 మోలార్ లోపే రిసెప్టర్ అంతా వచ్చేసి, ఫ్రాప్‌లో సెకన్లలో నిండితే, అది స్టిరాయిడ్ రిసెప్టర్లకి మామూలు చిత్రమే. వీటి మధ్య వైరుధ్యం లేదు. చిప్ లక్షల సెల్స్ సగటుని ఒక క్షణం దగ్గర ఆపి చూపిస్తుంది, ఏ ఒక్క రిసెప్టర్ ఎంతసేపు కూర్చుందో చెప్పదు. మరీ తక్కువసేపు ఉండే పట్టుని ఫార్మాల్డిహైడ్ అందుకోలేకపోవచ్చు కూడా.

చిప్‌లో శిఖరం ఉంది, కానీ అక్కడ రిసెప్టర్ వరస లేదు, ఏపీ-1 వరస ఉంది. అప్పుడు అదే ముక్కల మీద రెండోసారి ఏపీ-1 యాంటీబాడీతో చిప్ చేయండి. సిస్టీన్ మార్చిన రిసెప్టర్ కూడా అక్కడ కనబడితే, వేరే ప్రొటీన్‌ని ఆనుకుని ఉందన్న వాదనకి బలం వస్తుంది.

డీఎన్ఏజ్, 2 మోలార్ ఉప్పు తర్వాత కూడా రిసెప్టర్ పెల్లెట్‌లో మిగిలి, ఫ్రాప్‌లో మాత్రం పూర్తిగా నిండితే, పెల్లెట్‌లో మిగిలినది మీ గొట్టంలో పుట్టినదేనని ముందు అనుమానించండి. ఫ్రాప్‌లో కూడా కొంత భాగం ఎప్పటికీ నిండకపోతేనే కదలని భాగం గురించి మాట్లాడండి. అది కూడా మామూలు మోతాదులో రిసెప్టర్ ఉన్న సెల్స్‌లోనే. జీఎఫ్‌పీ రిసెప్టర్‌ని విపరీతంగా ఎక్కించిన సెల్స్‌లో గడ్డలు కట్టి, అవే కదలకుండా కనబడతాయి.

పేపర్‌లోనో థీసిస్‌లోనో రాసేటప్పుడు ఉప్పు గాఢత, ఉంచిన నిమిషాలు, డిగ్రీలు, మాలిబ్డేట్ కలిపారా లేదా, సీరం శుద్ధి చేసిందా కాదా, ఫార్మాల్డిహైడ్ శాతం, ఎన్ని నిమిషాలు, ఇవన్నీ అంకెలతో సహా రాయండి. "ప్రామాణిక పద్ధతి ప్రకారం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, మీ ఫలితం సెల్‌దో బఫర్‌దో తర్వాత చదివేవాళ్లు తేల్చుకోలేరు.